డిస్నీ వరల్డ్‌లో భోజనాల బుకింగ్: రావులపాలెం నుంచి, కార్తీక మాసంలో

అడిగిన ప్రశ్న ఇది: "మాది రావులపాలెం దగ్గర పల్లె. ఈ 2026 నవంబరు 21 శనివారం నుంచి 27 శుక్రవారం దాకా ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌కి వెళ్తున్నాం. మరిది, తోటికోడలు, వాళ్ల రెండేళ్ల బాబు అట్లాంటా నుంచి వస్తారు. ఇటు మేమిద్దరం, ఎనిమిదేళ్ల పాప, అత్తయ్యగారు, మావయ్యగారు. మొత్తం ఎనిమిది మందిమి. కిసిమ్మీలో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నాలుగు రోజుల పార్కు టికెట్లు కొన్నాం. అక్కడి రెస్టారెంట్లకి రెండు నెలల ముందే బుక్ చేసుకోవాలంటున్నారు. మరిదికి ఉద్యోగంతో తీరిక లేదు, ఇక్కణ్ణుంచి నేను చేయొచ్చా? పాప సిండ్రెల్లా కోటలోనే తింటానంటోంది. అత్తయ్యగారు కార్తీకం నెలంతా నీసు ముట్టరు, సోమవారాలు, పౌర్ణమి ఉపవాసం. మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఏడు రెస్టారెంట్ల పేర్లు రాసుకున్నాను. ఏ రోజుకి ఏది పెట్టుకోమంటారు?"

ఏడు అక్కర్లేదమ్మా, రెండే చాలు. ఆ రెండూ మీరే, ఇంట్లో కూర్చుని బుక్ చేయొచ్చు. నిజం చెప్పాలంటే మీ మరిది కంటే మీకే వీలు.

మాది తణుకు. అమ్మాయి టాంపాలో ఉంటుంది, అక్కణ్ణుంచి డిస్నీ కారులో గంటన్నర. నేను వెళ్లినప్పుడల్లా ఎవరో ఒక చుట్టాలు దిగుతారు, వాళ్ల భోజనాల లెక్క నా నెత్తిన పడుతుంది. ఇక్కడున్నప్పుడు కూడా భీమవరం, పాలకొల్లు వాళ్లకి ఫోన్ ముందేసుకుని బుక్ చేసి పెడుతుంటాను. అందుకని మీ ప్రశ్న చూడగానే ముందు క్యాలెండర్ తీశాను. రెస్టారెంట్ల పేర్లతో మొదలెట్టినవాళ్లందరూ చివరికి పార్కులో ఈ మూల నుంచి ఆ మూలకి ముసలివాళ్లని నడిపించి, ఆకలి లేని వేళ అరవై డాలర్ల బఫే ముందు కూర్చోబెడతారు. ముందు మీ ఇంటివాళ్ల ఉపవాసాలు, ఆకలి వేళలు, మోకాళ్లు చూసుకోండి. పేర్లు ఆ తర్వాత.

సరే, బుకింగ్ సంగతి. కూర్చోబెట్టి వడ్డించే రెస్టారెంట్లకి, బఫేలకి 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. కోవిడ్‌కి ముందు అది 180 రోజులు. పాత వీడియోలు చూసి ఆరు నెలల లెక్క చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, కంగారు పడకండి. డిస్నీ సొంత హోటళ్లలో దిగినవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. దిగే రోజుకి 60 రోజుల ముందు, వాళ్లున్నన్నాళ్ల భోజనాలూ పది రోజుల వరకు ఒకేసారి బుక్ చేసేసుకోవచ్చు. మీరు బయట ఇల్లు తీసుకున్నారు కాబట్టి ఏ రోజు భోజనానికి ఆ రోజుకి 60 రోజుల ముందే. అంటే మీకు తలుపు తెరిచేసరికి వాళ్లు అప్పటికే కొన్ని టేబుళ్లు పట్టేసి ఉంటారు. థ్యాంక్స్‌గివింగ్ అనే అమెరికా పండుగ వారం అక్కడ ఏడాదిలో బాగా రద్దీ ఉండే రోజుల్లో ఒకటి. అయినా నేను చెప్పబోయే రెండూ జనం మొదట ఎగబడేవి కావు.

తెరిచే టైము ఫ్లోరిడాలో ఉదయం 6 గంటల ప్రాంతం. సెప్టెంబరులో అది మనకి మధ్యాహ్నం మూడున్నర. మీ మరిది అలారం పెట్టుకుని లేవాల్సిన పని, మీరు భోజనం చేసి, ఓ కునుకు తీసి, టీ పెట్టుకుని చేయొచ్చు. నవంబరు 1న అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ తర్వాత అదే టైము మనకి నాలుగున్నర అవుతుంది. ఖాళీ అయిన టేబుళ్ల కోసం బయల్దేరే ముందు ఇక్కణ్ణుంచి మళ్లీ వెతకాల్సొస్తే ఆ గంట తేడా గుర్తుంచుకోండి.

మూడున్నరకి కూర్చోకండి. మూడు, మూడుంబావుకే లాగిన్ అయి ఉండాలి. అకౌంటు వారం ముందే చేసుకోండి. 'మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్' యాప్‌లో మీ పేరున ఒకటి, మీ మరిది పేరున ఒకటి చేసి, ఒకరినొకరు ఫ్యామిలీ లిస్టులో కలుపుకోండి. రెండెందుకంటే, ఎనిమిది మందికి ఒకే టేబుల్ దొరకడం కష్టం. ఎనిమిదికి చూడండి, లేకపోతే వెంటనే నలుగురు, నలుగురుగా చూడండి. ఒకే అకౌంట్లో ఒకే వేళకి రెండు పెట్టబోతే పేచీ వస్తుంది, రెండు అకౌంట్లుంటే ఆ గొడవ ఉండదు. అక్కడికి వెళ్లాక పక్కపక్కన కూర్చోబెట్టమని అడగొచ్చు, మాట మాత్రం ఇవ్వరు. రెండేళ్ల బాబుని కూడా లెక్కలో చేర్చాలి. డబ్బు కట్టక్కర్లేదు కదా అని వదిలేస్తే అక్కడ కుర్చీ ఉండదు.

బుకింగ్‌కి కార్డు నంబరు అడుగుతారు. మామూలు రెస్టారెంట్లలో అప్పుడే డబ్బు కోయరు, చెప్పకుండా మానేస్తేనే మనిషికి 10 డాలర్లు కోస్తారు. ఎనిమిది మందికి ఎంతో మీరే లెక్క వేసుకోండి. చాలావాటికి రెండు గంటల ముందు వరకు రద్దు చేసుకోవచ్చు. 'హూప్-డీ-డూ' లాంటి ఆటపాటల డిన్నర్లకి మాత్రం బుక్ చేసినప్పుడే మొత్తం కట్టించుకుంటారు, అవి మీకు వద్దు. మన కార్డులకి విదేశీ లావాదేవీలు మనమే ఆన్ చేసుకుంటే తప్ప పనిచేయవు, పైగా ఓటీపీ తంతు. మీ మరిది కార్డు నంబరు రెండు అకౌంట్లలోనూ ముందే ఎక్కించేయమనండి. ఆ మూడున్నరకి సరిగ్గా కరెంటు పోయిందనుకోండి, వైఫై పోతుంది. ఫోన్‌లో డేటా ఉంచుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, అత్తయ్యగారి కార్తీకం. ఈ ఏడు నవంబరు 10న మొదలై డిసెంబరు రెండో వారం దాకా ఉంది, మీ ప్రయాణమంతా అందులోనే. 23వ తేదీ సోమవారం. ఇక్కడి క్యాలెండర్లలో పౌర్ణమి 24 మంగళవారం అని ఉంటుంది. అక్కడ మన కంటే పదిన్నర గంటలు వెనక, తిథి కూడా వాళ్ల టైముకి ముందే వచ్చి ముందే పోతుంది. మంగళవారం పొద్దున పదింటి లోపే అక్కడ పౌర్ణమి వెళ్లిపోతుంది. దీపాలు పెట్టే సాయంత్రం వేళకి పౌర్ణమి ఉండేది సోమవారమే. ఓర్లాండోలో గుళ్లున్నాయి, అక్కడి పంచాంగం అడిగి అత్తయ్యగారి చేత ఖాయం చేయించండి. ఆవిడ సరేనంటే సోమవారం ఉపవాసం, పౌర్ణమి ఉపవాసం ఒక్క రోజుతో అయిపోతాయి. మీకు మంగళవారం కలిసొస్తుంది.

సోమవారం పార్కు పెట్టుకోవద్దు, రెస్టారెంటు అసలే వద్దు. ఉపవాసం ఉన్నావిడని పార్కులో తిప్పి, నక్షత్రం కనిపించాక ఎక్కడో క్యూలో నిలబెట్టి, ఉల్లీ వెల్లుల్లీ లేని భోజనం కోసం సర్వర్‌తో బేరాలాడే కంటే ఇల్లే నయం. అక్కడ నవంబరు చివర్లో సాయంత్రం అయిదున్నరకే పొద్దు కుంకుతుంది, ఆరు దాటితే చుక్కలు కనిపిస్తాయి. అత్తయ్యగారికి అదొక్కటి సుఖం. పొద్దున్నే శనివారం ప్రయాణం బడలిక, ఆదివారం నడక బడలిక తీర్చుకుని, మధ్యాహ్నం ఇండియన్ కొట్టుకి వెళ్లి సరుకులు తెచ్చుకుని, రాత్రికి పప్పు, కూర, పెరుగు చేసుకోండి. మిగతా రోజులకి కావలసినవి కూడా అప్పుడే కొనేయొచ్చు. ఒక్క మాట, 365 వత్తులు ఇంట్లో వెలిగించనివ్వకండి. అద్దె ఇళ్లలో పొగ అలారం ఊరంతా వినిపించేలా మోగుతుంది. వెనక వాకిట్లో పెట్టించండి. అలాంటి ఇళ్లకి వెనక ఈత కొలను ఉంటుంది, అది చూడగానే ఆవిడకి గోదావరిలో అరటిదొప్ప వదిలినట్టు దీపం వదలాలని బుద్ధి పుడుతుంది. ఇంటివాళ్లు ఒప్పుకోరు. పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి ఇవ్వండి.

అలా సోమవారం తీసేస్తే ఆది, మంగళ, బుధ, గురు మిగిలాయి. నాలుగు పార్కులకి సరిపోయాయి. ఆదివారం మ్యాజిక్ కింగ్‌డమ్, మంగళవారం హాలీవుడ్ స్టూడియోస్, బుధవారం ఎప్‌కాట్, గురువారం యానిమల్ కింగ్‌డమ్. టేబుళ్లు చివరి రెండు రోజులకే.

మొదటి టేబుల్ 25 బుధవారం, ఎప్‌కాట్‌లో 'గార్డెన్ గ్రిల్'. మీ జాబితాలో ఇది ఉండి ఉండదు, నాకు తెలుసు. జనం స్పేస్ 220 అని, ఓహానా అని వెంటపడతారు. దీని మీద మోజు తక్కువ, మీ కుటుంబానికి మాత్రం కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. 'ద లాండ్' అనే భవనంలో ఉంటుంది. కూర్చున్న నేలే మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. రైతు బట్టలేసుకున్న మిక్కీ, ప్లూటో, చిప్, డేల్ టేబుల్ టేబుల్‌కీ వస్తారు. మీరు లేచి వెళ్లి క్యూ కట్టక్కర్లేదు, మావయ్యగారు గంటసేపు మోకాళ్లకి విశ్రాంతినిచ్చి ఏసీలో కూర్చోవచ్చు. పళ్లేలు టేబుల్ దగ్గరకే తెచ్చి పెడతారు, కావలసినంత మళ్లీ అడగొచ్చు. శాకాహారులకి వేరే పళ్లెం చేసి తెస్తారు, కూర్చోగానే చెప్పాలి.

అదే భవనంలో కింద 'లివింగ్ విత్ ద లాండ్' అని పడవ ప్రయాణం ఉంది. భోజనానికి ముందో వెనకో పగటిపూట ఎక్కించండి. క్రిస్మస్ రోజుల్లో రాత్రిపూట లైట్లు పెడతారు, అందంగానే ఉంటుంది, మొక్కలు సరిగా కనపడవు. పడవ నేరుగా గాజు ఇళ్లలోకి వెళ్తుంది. మట్టి లేకుండా వేళ్లు గాలిలో వేలాడుతూ పెరిగే కూరగాయలు, పందిరికి కాసిన గుమ్మడికాయలు, బొప్పాయి, అరటి. అక్కడ పండినవి డిస్నీ రెస్టారెంట్లలోనే వండుతారు. మా ఆయన మొదటిసారి ఎక్కినప్పుడు అరటిచెట్టు దగ్గర పడవ మెల్లగా వెళ్తుంటే మెడ వెనక్కి తిప్పి గెలకి ఎన్ని అత్తాలున్నాయో లెక్కపెట్టడం మొదలెట్టారు. వెనక కూర్చున్న అమెరికా పిల్లాడు ఆయన వేలు ఎటు చూపిస్తే అటు చూశాడు. రావులపాలెం అరటి మార్కెట్ చూసిన మనిషికి మీ మొత్తం ప్రయాణంలో ఇదే గుర్తుండిపోయినా నేను ఆశ్చర్యపోను.

దీనికి బుకింగ్ సెప్టెంబరు 26 శనివారం మధ్యాహ్నం మూడున్నరకి. వేళ మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంట మధ్య అడగండి. మన పెద్దవాళ్లకి ఆకలేసేది అప్పుడే. రాత్రి ఏడున్నర బుకింగ్ దొరికిందని సంబరపడకండి. ఆ వేళకి పిల్లాడు నిద్రలో ఉంటాడు, పెద్దాయన కాళ్లు లాగుతున్నాయంటారు. ధర పెద్దవాళ్లకి 50 డాలర్లు దాటుతుంది. మూడేళ్ల లోపు పిల్లలకి ఉచితం, మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకు పిల్లల ధర, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల లెక్కే. అత్తయ్యగారు రెండు ముద్దలు తిన్నా ఇంకొకరు నాలుగు పళ్లేలు తిన్నా ఒకటే రేటు, అది మింగుడు పడక కొంచెం గొణుగుతారు. వినిపించుకోకండి.

రెండోది 26 గురువారం, 'సనా'. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే హోటల్లో, కిడానీ విలేజ్ వైపు ఉంది. పార్కు లోపల కాదు కాబట్టి దీనికి పార్కు టికెట్ అక్కర్లేదు. బుకింగ్ ఉందని చెబితే గేటు దగ్గర కారుని లోపలికి వదులుతారు, రద్దీ రోజుల్లో బుకింగ్ లేనివాళ్లని తిప్పి పంపేస్తారు. ఆఫ్రికా, ఇండియా రుచులు కలిపి వండుతారు. 'బ్రెడ్ సర్వీస్' అని ఒకటుంది. నాన్, కుల్చా, పరాఠా లాంటివి వేడివేడిగా ఒక పళ్లెంలో, పక్కన చిన్న చిన్న గిన్నెల్లో తొమ్మిది రకాల పచ్చళ్లు, చట్నీలు, రైతా. ఎనిమిది మందికి రెండు చెప్పండి, ముందు అవే ఖాళీ అవుతాయి. మాకు తెలిసిన ఒకావిడ, నరసాపురం మనిషి, ఆ తొమ్మిది గిన్నెలూ వరసగా చూసి, కారంగా ఉన్నదొక్కటి దగ్గరకు లాక్కుని మిగతావి మనవల వైపు తోసేసింది. చింతపండు చట్నీ నాలిక మీద పెట్టుకుని "ఇది బెల్లం పులుసే" అని తేల్చేసింది.

సనాలో కిటికీ బయట గడ్డి మైదానంలో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. సగం డబ్బు వాటికే ఇస్తున్నామనుకోండి. అందుకే డిన్నర్ పెట్టుకోవద్దంటున్నాను. నవంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది, ఆరున్నరకి వెళ్తే అద్దంలో మీ మొహాలే కనిపిస్తాయి. మధ్యాహ్నం రెండు గంటల బుకింగ్ తీసుకోండి. పొద్దున పార్కు తెరవగానే లోపలికి వెళ్లి, ఒంటిగంటన్నరకి బయటపడి, కారులో పదీ పదిహేను నిమిషాల్లో అక్కడుంటారు. రెండింటి దాకా ఆకలికి ఆగలేకపోతే పార్కులో పండో బిస్కెట్టో తినిపించండి. తిన్నాక హోటల్ వెనక నుంచి జంతువుల్ని చూసుకుంటూ కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. ఆ సాయంత్రం మళ్లీ పార్కుకి వెళ్లాలనే ఆశ పెట్టుకోకండి. దీనికి బుకింగ్ సెప్టెంబరు 27 ఆదివారం, అదే మూడున్నరకి.

నీసు విషయంలో మాత్రం నోరు విప్పి అడగాలి, ఎక్కడైనా. బుకింగ్ చేసేటప్పుడు అలర్జీలు, ఆహార నియమాలు నమోదు చేసే చోటు ఉంటుంది, అందులో రాయండి. వెళ్లాక సర్వర్‌కి మళ్లీ చెప్పండి. కావాలంటే షెఫ్‌నే బయటకి పిలుస్తారు, మొహమాటపడకండి. అన్నం చికెన్ నీళ్లలో ఉడికించారా, సూప్ ఏం ఉడికించిన నీళ్లతో చేశారు, బంగాళదుంపలు వేయించిన నూనెలో చికెన్ కూడా వేయిస్తారా, నాన్ కాల్చే తందూరులో మాంసం పెడతారా, ఈ నాలుగూ అడిగితే చాలు. మెనూలో ఆకు గుర్తు ఉంటే అందులో మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ లేవని అర్థం. 2019 నుంచి ఆ గుర్తు పెడుతున్నారు. ఆకు గుర్తు లేనంత మాత్రాన మనకి పనికిరాదని కాదు, జున్నో పెరుగో ఉండొచ్చు. గొడ్డు మాంసం, పంది మాంసం వద్దనే సంగతి కూడా మాంసం తినేవాళ్ల తరఫున ముందే చెప్పండి, అక్కడ అవి మామూలు.

ఇక సిండ్రెల్లా కోట. 'సిండ్రెల్లాస్ రాయల్ టేబుల్' డిన్నర్ పెద్దవాళ్లకి 80 డాలర్లు దాటుతుంది. మీ ఆరుగురు పెద్దలకే 480, పాప వేరే. దాని మీద 6.5 శాతం పన్ను. ఆరుగురు, అంతకంటే ఎక్కువ మంది అయితే 18 శాతం టిప్పు బిల్లులోనే వేసేస్తారు. 600 డాలర్లు ఎక్కడా ఆగదు. బిల్లు కింద ఇంకో టిప్పు గడి ఖాళీగా ఉంటుంది, చూసి మళ్లీ రాసేస్తారు కొందరు, అక్కర్లేదు. అంత పెట్టి అత్తయ్యగారిని అక్కడ కూర్చోబెట్టడంలో నాకైతే అర్థం కనపడదు. పాప పట్టుబడితే మీరు, పాప ఇద్దరే వెళ్లండి. ఎనిమిదికి దొరకని చోట ఇద్దరికి దొరుకుతుంది. 22 ఆదివారానికి సెప్టెంబరు 23 బుధవారం మూడున్నరకి ప్రయత్నించండి. దొరక్కపోతే ఏడవనివ్వకండి, ప్రయాణం ముందు రోజుల్లో మళ్లీ చూడండి. రెండు గంటల ముందు దాకా రద్దు చేసుకోవచ్చు కాబట్టి ముందు రోజు రాత్రి, ఆ రోజు పొద్దున ఇద్దరి టేబుళ్లు రాలుతూనే ఉంటాయి. అప్పటికీ లేకపోతే 'ప్రిన్సెస్ ఫెయిరీటేల్ హాల్'లో రాకుమార్తెల్ని కలిసి ఫోటో దిగడానికి టికెట్ తప్ప వేరే డబ్బు అక్కర్లేదు.

బుక్ చేసే ముందు ఆ రోజు మ్యాజిక్ కింగ్‌డమ్ టైమింగ్స్ కూడా చూడండి. నవంబరు, డిసెంబరుల్లో కొన్ని రాత్రులు క్రిస్మస్ పార్టీకి వేరే టికెట్ అమ్ముతారు, ఆ రోజుల్లో మామూలు టికెట్ వాళ్లని సాయంత్రం ఆరింటికి పంపేస్తారు. ఇంకో సంగతి, అక్కడ కారు పెట్టిన చోటు నుంచి పార్కు గేటు ఎదురుగా ఉండదు. మధ్యలో చెరువు. మోనోరైలు ఎక్కాలి, లేదా నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటినట్టు ఫెర్రీ మీద దాటాలి. కారు దిగిన దగ్గర్నుంచి లోపల రెస్టారెంటు గుమ్మం దాకా గంట వేసుకోండి. పన్నెండుకి బుకింగ్ అంటే పదకొండుకి కారు ఆగి ఉండాలి. మావయ్యగారికి ఆ రోజు నుంచీ వీల్‌చైరో కరెంటు బండో అద్దెకి తీసుకోండి, పరువు పోతుందంటారు, రెండో రోజుకి ఆయనే నడుపుతారు.

మిగతా పూటలన్నీ బుకింగ్ లేకుండానే. ప్రతి పార్కులో కౌంటర్ దగ్గర కొనుక్కునే చోట్లు బోలెడు. యాప్‌లోనే ముందు ఆర్డర్ పెట్టి, వచ్చే టైము ఎంచుకుని, దగ్గరికి వెళ్లాక 'వచ్చాం' అని నొక్కితే వండి పెడతారు. రద్దీ వారంలో పన్నెండున్నర స్లాట్లు పన్నెండింటికి ఉండవు, పొద్దున పదింటికే పెట్టేయండి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 'కొలంబియా హార్బర్ హౌస్'లో వేయించిన చేప, రొయ్యలు ఉంటాయి, మావయ్యగారు నీసు తినేవారైతే ఆయనకి చెప్పండి. అత్తయ్యగారికి 'అలోహా ఐల్'లో అనాసపండు డోల్ విప్ అని ఐస్‌క్రీం లాంటిది, పాలు లేకుండా చేస్తారు. యానిమల్ కింగ్‌డమ్‌లో 'సతూలీ కాంటీన్'లో టోఫు గిన్నె దొరుకుతుంది, సనాలో టేబుల్ అందకపోతే అదే దిక్కు. హాలీవుడ్ స్టూడియోస్ రోజు బుకింగ్ ఏదీ వద్దు. పాత కార్లలో కూర్చుని సినిమా చూస్తూ తినే 'సై-ఫై' బాగుంటుందని మీవారు అనొచ్చు. ఆయన, మీ మరిది, పిల్లలు వెళ్తే వెళ్లనివ్వండి, మీరూ అత్తయ్యగారూ పులిహోర తినండి.

పులిహోర అన్నాను కదా, పార్కుల్లోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు. చాలామందికి తెలియదు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు తప్ప ఏదైనా సరే, గేటు దగ్గర సంచి విప్పి చూస్తారంతే. వేడి చేసి ఇవ్వరు. పులిహోరకి వేడి అక్కర్లేదు, పెరుగన్నానికి ఐసు ప్యాక్ పెట్టండి. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో. కౌంటర్ల దగ్గర అడిగితే మంచినీళ్లు గ్లాసులో ఐసు వేసి ఉచితంగా ఇస్తారు, సీసా కొనకండి. ఇక్కణ్ణుంచి పచ్చళ్లు పట్టుకెళ్లేటప్పుడు కోడి, మాంసం పచ్చళ్లు పెట్టుకోకండి, అమెరికా కస్టమ్స్ వాళ్లు తీసి పారేస్తారు. మిగతావి దాచకుండా వాళ్లకి చెప్పి చూపించండి. ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు ఎక్కువ పెట్టుకోండి, అవి పార్కులో గంటన్నర క్యూలో నిలబడ్డప్పుడు పనికొస్తాయి.

ఎవరైనా డిస్నీ డైనింగ్ ప్లాన్ అనే భోజనాల ప్యాకేజీ అమ్మబోతే మీకు వర్తించదని చెప్పండి, అది వాళ్ల హోటళ్లలో దిగేవాళ్లకి.

సెప్టెంబరు 26న గార్డెన్ గ్రిల్ ఎనిమిదికీ లేక, నలుగురు నలుగురికీ లేకపోతే ముందు వేళ మార్చి చూడండి, పదకొండున్నరకి గానీ రెండున్నరకి గానీ. అప్పటికీ లేకపోతే వచ్చింది పట్టేసుకుని, రోజూ ఒకసారి తెరిచి చూస్తుండండి, మంచి వేళ దొరికాక పాతది రద్దు చేయండి. పాతది రద్దు చేయకుండా వదిలేస్తే మనిషికి పది డాలర్లు మీ మరిది కార్డు మీద పడతాయి, ఆ సంగతి తోటికోడలికి ముందు తెలుస్తుంది.